గ్లాసు కింద చీటీ

మార్చి పద్నాలుగు. ఆ పొద్దున ఆమె తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, అదీ నిలబడే, భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ. ఆ చొక్కా వేసుకుని ఆయన కాలేజీ సభలో చదవబోయే వ్యాసం ఆమె రాసిందే.

వ్యాసం ఒక పాత యుద్ధకాలపు ప్రసంగం మీద. శత్రువు సరిహద్దు దాటినప్పుడు ఒక నాయకుడు రేడియోలో మాట్లాడిన పన్నెండు నిమిషాలు. చివర్లో 'గెలుస్తాం' అన్న మాట బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆమె ఆ రికార్డింగును నెల రోజుల పాటు అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ విన్నది. "ఆ రేడియో నీకు తిండి పెడుతుందా?" అని అత్తగారు సణిగినా ఆపలేదు. వినగా వినగా ఒకటి తట్టింది. ఆ నాయకుడు మొదటి నిమిషంలోనే ఓడిపోయామని చెప్పేశాడు, ఏ పట్టణం పోయిందో, ఎందరు తిరిగి రాలేదో. చెప్పి, ఊపిరి తీసుకునేంతసేపు ఆగాడు. ఆ ఆగడం పుస్తకాల్లో లేదు. చరిత్ర చదివింది ఇద్దరూ, కాలేజీలో పాఠం చెప్పేది మాత్రం భర్త. "నువ్వు రాస్తే ఏంటి, నేను రాస్తే ఏంటి? ఇంట్లోదేగా" అంటాడు.

ఏ సభలోనైనా ఆమె చోటు ముందు వరుసలో. ప్రశ్న వస్తే ఆయన దగ్గుతాడు. ఆమె జవాబు చీటీ మీద రాసి, మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి అందిస్తుంది. "అదృష్టవంతుడివయ్యా, నీ దాహం కూడా ఆవిడకే తెలుసు" అంటారు తోటి లెక్చరర్లు.

ఆ రోజు వెనక నుంచి ఒక విద్యార్థిని లేచింది. "ఓడిపోయామని ముందే చెబితే జనం బెదిరిపోరా సార్?"

ఆయన దగ్గాడు. ఆమె చీటీ రాసింది, గ్లాసు పట్టుకుని లేచింది. అక్కడే నిలబడి ఆ నీళ్లు తనే తాగేసింది.

"బెదరరమ్మా. పోయిందేదో వాళ్లకు ముందే తెలుసు. దాచలేదు కాబట్టే, తర్వాత గెలుస్తామంటే నమ్మారు." ఊపిరి తీసుకునేంతసేపు ఆగింది. "ఈ వ్యాసం నాది. పదకొండేళ్లుగా అన్నీ నేనే రాస్తున్నాను."

హాలు కప్పేమీ కూలలేదు. ఆ పిల్ల ఆమె వైపు తిరిగి, "అయితే మేడం, ఇంకో ప్రశ్న" అంది. పదకొండేళ్ల బరువు ఆ ఒక్క పిలుపుతో దిగిపోయింది.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో ఆయన అన్నాడు, "నాకు ముందే చెప్పొచ్చుగా."

"చెబుతూనే ఉన్నాను. గ్లాసు కింద పెట్టి."

ఆయన ఆమె చేతిలోని పుస్తకాల సంచీ తీసుకుని మోశాడు. జరిగిందంతా ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లికి తనే చెప్పాడు, తల ఎత్తకుండా.

భోజనాలయ్యాక ఆమె బల్ల దగ్గర కూర్చుని, కొత్త కాగితం మీద మొదట తన పేరు రాసింది. పక్కగది నుంచి ఆయన గొంతు, "రేపటికి నా చొక్కా..."

"నీ చొక్కా నువ్వే ఇస్త్రీ చేసుకోరా. అమ్మాయి రాసుకుంటోంది" అంది అత్తగారు. పెళ్లయినప్పటి నుంచి ఆవిడ నోట 'అమ్మాయి' అన్న మాట వినడం అదే మొదలు. ఆవిడ రోజూలా దీపం ఆర్పమనలేదు. చప్పుడు కాకుండా గది తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయింది.