తలుపు బయట వదిన

తలుపు అంత మెత్తగా ఎలా మూసుకుందో, మొహం మీద వేసినట్టు కాకుండా, నిద్రపోయేవాళ్ల మీద దుప్పటి కప్పినట్టు, లోపల ఈ బళ్లోనే చదివే ఆడపడుచు, బయట బెంచీ మీద తాను, ఒళ్లో నాలుగు నెలల బాబు, వీడు ఊపిరి తీస్తున్నాడా, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, తీస్తున్నాడు, అమ్మయ్య, బడిలో ఆసుపత్రి ఏమిటి, పైసా అడక్కపోవడం ఏమిటి, అంతకన్నా వింత, తోడొచ్చిన మనిషిని బయటికి పంపడం ఏమిటి, ఏమైందమ్మా అని నర్సమ్మ పిల్లని అడిగితే, దీనికి వారం నుంచి కడుపులో నొప్పండీ, ముద్ద దిగడం లేదండీ, అని తానే టకటకా అప్పజెప్పేసింది, వాళ్లింట్లో అంతే, కోడలికి ఆకలేస్తే అత్త చెబుతుంది, పిల్లకి నొప్పొస్తే వదిన చెబుతుంది, నర్సమ్మ నవ్వి, మిమ్మల్ని కాదమ్మా, ఆ అమ్మాయినే అడిగాను, కాసేపు బయట కూర్చోండి, ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది, ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప, అంది.

ఇక్కడే ఉండిపోతే ఎలా, మొత్తం కనుక్కుని రా, లేకపోతే గుమ్మం తొక్కకు అని కదా అత్త పంపింది, చెవి తలుపుకి ఆనిద్దామా, ఛీ, అటుగా పోతున్న మాస్టారు చూస్తే, అయినా లేచింది, ఆనించింది, మాటలు వినపడలేదు, నవ్వు వినపడింది, వారం రోజులుగా పలకరిస్తే గోడకేసి తిరిగే పిల్ల నవ్వుతోంది, ఆమె చప్పున వెనక్కొచ్చి కూర్చుంది, గుడిలో చెప్పులతో అడుగుపెట్టినట్టు సిగ్గేసింది, కడుపుతో ఉన్నప్పుడు తననీ తీసుకెళ్లారు డాక్టరు దగ్గరికి, అమ్మ ఒక పక్క, అత్త ఒక పక్క, నెల ఎప్పుడు తప్పిందో కూడా వాళ్లే చెప్పారు, తాను ఫ్యాను చూస్తూ కూర్చుంది, ఇలాంటి గది ఒకటి లోకంలో ఉందా, ఆటస్థలం పక్కన, మెట్ల కింద, గంటకీ గంటకీ మధ్య పిల్లలు వచ్చి తమ ఒంటి సంగతి తమ నోటితో చెప్పుకుని పోయే గది.

తలుపు తెరుచుకుంది, పిల్ల మొహం కడిగిన పలకలా ఉంది, ఏమన్నారే, భయపడాల్సిందేం లేదట వదినా, మరి సంగతేమిటి, చెప్పాలనిపించినప్పుడు చెప్తాలే, మీ అమ్మకేం చెప్పను, మందిచ్చారని చెప్పు, అబద్ధం కాదుగా, ఓసి గడుగ్గాయి అనుకునేలోగా నర్సమ్మ గుమ్మంలోంచి, మీ వయసెంతమ్మా, అంది, పంతొమ్మిదండీ, బడి మాత్రం ఎప్పుడో మానేశాను, మానేస్తేనేం, ఇరవై నిండనివాళ్లందరిదీ ఈ గది, మీరూ మావాళ్లే, ఎలా ఉన్నారు, నాకేంటండీ బాగానే ఉన్నాను, అబద్ధమండీ, మా వదిన పడుకోదు, రాత్రంతా వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంటుంది, బాగుంది, నువ్వూ వదిన తరఫు వకీలువేనా, బాబుని ఎత్తుకుని బయట కూర్చో తల్లీ, అంది నర్సమ్మ.

రెండు కుర్చీలు, ఒక మంచం, తెల్లటి గోడ, తన పక్కన ఎవరూ లేరు, నర్సమ్మ తొందరపెట్టడం లేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది, తన మాట కోసం, తన నోటి నుంచే రావలసిన మాట కోసం ఒక మనిషి అలా కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం, భయమండీ, వాడు ఊపిరి ఆపేస్తాడని, నేను రెప్ప వేస్తే ఆపేస్తాడని, అంది, అనేసింది, నర్సమ్మ ఉలిక్కిపడలేదు, తల్లన్నాక అంతేలే అని తీసిపారేయనూ లేదు, ఎప్పటి నుంచి ఉందమ్మా ఇలా, అంది, జ్వరం ఎప్పటి నుంచి అని అడిగినంత మామూలుగా, బయట బాబు కేరుమన్నాడు, పిల్ల ఊరుకోబెడుతోంది, ఆమె కుర్చీలోంచి లేవలేదు, ఎప్పటి నుంచి, అవును, ఒకప్పుడు లేదు, తాను పుట్టుపిరికిది కాదు, చెడ్డతల్లీ కాదు, ఇది తనకు వచ్చింది, ఒంటికి జ్వరం వచ్చినట్టు వచ్చింది, వచ్చిందంటే, తగ్గుతుంది.