చిన్నతల్లి కడుపులో బల్ల

చిన్నతల్లి నా కూతురు. కలకత్తా దగ్గర జూటు మిల్లులో పనిచేసే మొగుడితో రెండేళ్లుండి, అరవై ఏడులో జ్వరంతో శ్రీకూర్మం దగ్గర అత్తవారింటికి వచ్చింది. కలకత్తా రైలెక్కించిన రోజు నుంచే ఈ పిల్ల నాకు మళ్లీ దక్కదని ఒకటే భయం.

జ్వరం రోజుకు రెండుసార్లు పొంగేది. అన్నం బాగానే తినేది, ఒళ్లు మాత్రం పుల్లైపోయింది. ముఖం నల్లబడింది. ఎడమ డొక్కలో జ్వరగడ్డ, బల్ల అంటారే, అది బొడ్డు దాకా పెరిగింది. ఐదు నెలలపాటు ఆ ఊరి జగన్నాధం డాక్టరు మలేరియా మాత్రలే ఇచ్చాడు. ఈ పిల్ల ఎక్కడుండి వచ్చిందని ఒక్కసారి అడిగితే అతని నోటి ముత్యాలు రాలిపోయేవా?

మాత్రలకు కరగని బల్ల వాతలకు కరుగుతుందన్నారు. వరసగా మూడు ఆదివారాలు పెట్టాలట. మొదటి వాత, ఊళ్లో వాతలు పెట్టే ఎర్రన్న పెట్టాడు. రెండోది పడకముందే పిల్లను విజయనగరంలో ఒక ఆసుపత్రికి తెచ్చాను. వియ్యపురాలు కూర్మమ్మ వెంటబడి వచ్చింది.

పిల్ల ఎక్కడుండి వచ్చిందనే అక్కడి డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది. కలకత్తా నుంచి వచ్చిందన్నాను.

"కాలా అజార్ కావచ్చు. అక్కడ ఉండే జ్వరం. ఇసుక ఈగ కుడితే వస్తుంది."

రక్తం తీసి, పైన తేలిన పసుపు నీటిని గాజు గొట్టంలో పోసి ఫార్మలిన్ చుక్క వేసింది. ఇరవై నిమిషాల్లో గట్టిపడితే అదే రోగమంది.

"సుక్కేత్తే రోగం తెలుత్తాదేటి వదినా? గట్టిపడకపోతే నా కోడల్ని తీసుకుపోతాను. ఆదివారం ఎర్రన్న సువ్వ కాల్సి కూకుంటాడు" అంది కూర్మమ్మ.

"ఆ సువ్వ ఆడి నడ్డిమీదెట్టుకోమను! నన్ను దాటి తీసుకెల్లు, సూద్దాం."

గొట్టంలో నీరు ఉడికిన గుడ్డులా తెల్లగా గడ్డకట్టింది. తలకిందులు చేసినా కారలేదు.

"అదే రోగం. దీనికి సూదిమందు ఉంది, బతుకుతుంది. కానీ ముందు రోగం తెచ్చే పురుగును మైక్రోస్కోపులో కంటితో చూడాలి. బల్లలోంచి తీద్దామంటే మీరు కాల్చినచోట చీము పట్టింది. రొమ్ము ఎముకలోంచి మూలగ తీస్తాను. కదలకుండా ఎవరైనా పట్టుకోండి" అంది డాక్టరమ్మ.

నేను ముందుకు వెళ్లాను. చిన్నతల్లి నా చేతులు చూసి గోడవైపు జరిగిపోయింది.

"నువ్వొద్దమ్మా. ఆ ఆదివారం నా కాల్లు అదిమింది నువ్వే గదా."

నర్సు వచ్చి పట్టుకుంది. నేను తలుపు బయటికొచ్చి, ఎవరిమీద అరవాలో తెలియక, కూర్మమ్మ మీద గొంతు పగిలేలా అరిచాను.