జానెడు నీడ

గేటు తాళం తీసి, దాన్ని చేతిలోనే పట్టుకుని సీతారాములు నేరుగా జెండా గద్దె దగ్గరికి వెళ్లాడు. రోజూ ముందు ఊడ్చేది హెడ్మాస్టరు గది. ఇవాళ అది కాసేపు ఆగితే కొంపలేం మునగవు. గద్దె ఎక్కి, ఒక కన్ను మూసి, ఇరవై అడుగుల ఇనుప స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. పదకొండేళ్లుగా చూస్తున్నదే. కొస దగ్గర, ఉత్తరాన వేపచెట్టు వైపు, జానెడు ఒరిగి ఉంది. రాత్రికి రాత్రే నిటారుగా అవుతుందని ఆశపడటానికి అతనేమీ చిన్నపిల్లవాడు కాదు. అయినా చూశాడు.

పొట్టి మనిషి. చిన్నప్పటి నుంచీ మగ్గం గుంటలో కూర్చున్నందుకు వీపు కాస్త వంగింది. వేళ్ల మీద నూలు కోసిన గీతలు ఇంకా మాసిపోలేదు. నకిరేకల్ నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి ఉండే ఆ ఊళ్లో, మగ్గం మూలపడ్డాక హైస్కూల్లో అటెండరుగా చేరి ఇరవై రెండేళ్లయింది. అటెండరంటే గంట కొట్టాలి, నీళ్లు పట్టాలి, చాక్‌పీసులు పంచాలి, తరగతిలో తేలు కనబడితే చెప్పు తీసుకుని పరుగెత్తాలి. తెల్లవారుజాము నుంచి ఎడమ చెయ్యి గుంజుతోంది. గ్యాసేమోనని గోలీ వేసుకున్నాడు. ఆ ఊళ్లో ఏ నొప్పికైనా పేరు గ్యాసే.

నోటీసు బోర్డు మీద సైన్సు టీచరు రోజారమణి రంగు చాక్‌పీసులతో రాసిన అక్షరాలు మెరుస్తున్నాయి. 'ఆగస్టు 4, సోమవారం, మధ్యాహ్నం 12:18. జెండా స్తంభం నీడ మాయం!'

పోయిన వారం తొమ్మిదో తరగతికి ఆమె ఆ పాఠం చెబుతుంటే, వరండాలో కుండలో నీళ్లు పోస్తూ అతనూ విన్నాడు.

"భూమి నిటారుగా తిరగదు. ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి సూర్యుని చుట్టూ తిరుగుతది. అందుకే సూర్యుడు ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరిగినట్టు కనబడతడు."

"రోజూ పన్నెండింటికి మన నడినెత్తి మీదనే ఉంటడు గద మేడం?" అని ప్రవళిక అడిగింది. ప్రశ్నలడగడంలో ఆ పిల్ల ఎప్పుడూ ముందే.

"ఉండడు. జర పక్కకే ఉంటడు. మనకు సరిగ్గా నెత్తిమీదికి వచ్చేది ఏడాదికి రెండే రోజులు. ఒకటి మే నెలల, అప్పుడు మీకు సెలవులు. రెండోది ఆగస్టు నాలుగు. ఆ రోజు నిటారుగా నిలబడ్డ దేనికీ నీడ పడదు."

నిటారుగా అన్న మాట దగ్గర సీతారాములు చేతిలో బిందె ఆగిపోయింది. నీళ్లు కుండ నిండి కాళ్ల మీద పడ్డాయి.

పిల్లలను బయటికి తీసుకెళ్లి అది చూపించడానికి హెడ్మాస్టరు దివాకర్ సారు ఒక షరతు మీదే ఒప్పుకున్నాడు. "ఒక్కసారే మేడం. మీరు చెప్పినట్టు కాకపోతే పిల్లలను ఎండకు తీసుకపోవుడు బంద్. పుస్తకంల ఉన్నది పుస్తకంలనే చెప్పుకోండ్రి." రోజారమణికి ఇదే మొదటి ఉద్యోగం. అప్పటినుంచి ఆమె స్టాఫ్ రూములో నవ్వడం మానేసింది.

ప్రార్థన అయ్యాక నీళ్ల గ్లాసు పట్టుకుని సీతారాములు ఆమె దగ్గరికి వెళ్లాడు.

"మేడం, స్తంభం గాకుండ ఇంకేదన్న పెడితే గాదా?"

"స్తంభానికి ఏమైందన్నా?"

"ఏం గాలే," అని వచ్చేశాడు. తర్వాత రెండు పీరియడ్లూ తనను తాను తిట్టుకుంటూనే గంటలు కొట్టాడు.

ఏమైందో చెప్పాలంటే ఆ రోజు సంగతీ చెప్పాలి. తెలంగాణ వచ్చిన ఏడు, జూన్ ఒకటి. మర్నాడు మొదటి జెండా పండుగ. గుంతలో కాంక్రీటు పోసి స్తంభం నిలిపి, రెండు తాళ్లు పట్టుకుని అతనొక్కడే ఉన్నాడు. మేస్త్రీ అన్నానికి పోయాడు. అప్పుడే ఫోను వచ్చింది. కరువు పనిలో మట్టి తవ్వుతున్న భార్య వెంకటనర్సమ్మకు ఎండదెబ్బ తగిలిందని, దవాఖానకు తీసుకుపోతున్నామని. తాళ్లు ఇచ్చి పోదామంటే అక్కడ ఎవరూ లేరు. అరగంట పట్టుకునే నిలబడ్డాడు. చివరికి ఒక తాడు వేపచెట్టుకు, ఒకటి గేటుకు కట్టి పరుగెత్తాడు. అతను వెళ్లేసరికి ఆమె ముఖం మీద తువ్వాల కప్పారు. ఇక్కడ ఇసుక ట్రాక్టరు కోసం ఎవరో గేటు తెరిచారు. తాడు వదులై స్తంభం ఒరిగి, అట్లాగే గట్టిపడింది. ఆ అరగంట ఆమెకూ దక్కలేదు, స్తంభానికీ దక్కలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ అతనికి అన్నం సయించదు.

పన్నెండయ్యింది. గద్దె చుట్టూ రెండు వందల మంది పిల్లలు. స్తంభం నీడ కుంచించుకుపోతుండగానే మబ్బు కమ్మింది. రోజారమణి కొంగుతో ముఖం తుడుచుకుని ఆకాశం వైపు చూసింది. సీతారాములు మనసులో రెండు మొక్కులు కొట్టుకున్నాయి. మబ్బు పోవాలి, ఆమె గెలవాలి. మబ్బు ఉండాలి, తను బయటపడకూడదు.

పన్నెండూ పద్నాలుగుకు మబ్బు విడిపోయింది. పన్నెండూ పద్దెనిమిదికి స్తంభం మొదట్లో, ఉత్తరం వైపు, జానెడు నీడ నల్లగా పడి ఉంది.

"ఉన్నది! నీడ ఉన్నది!" వెనక వరసలో ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"ఇంక లోపలికి నడువుండ్రి," అన్నాడు దివాకర్ సారు.

సీతారాములు గద్దె ఎక్కాడు.

"ఆగుండ్రి సార్. మేడం తప్పు గాదు, సూర్యుని తప్పు గాదు. స్తంభమే ఒరిగింది. నిలబెట్టింది నేను."

"పదకొండేండ్ల సంది ఎందుకు చెప్పలే మరి?"

"చెప్తే మా ఇంటామె సచ్చిపోయిన రోజు సంగతి గూడ చెప్పాలె సార్."

ఎవరూ నవ్వలేదు. ప్రవళిక మాత్రం ఊరుకోలేదు. "స్తంభం తప్పేనని ఎట్ల తెలుస్తది తాతా?"

అతను జేబులోంచి గేటు తాళం తీశాడు. జెండా తాడుకు కట్టి, గిలక దాకా లాగి, మెల్లగా కిందికి వదిలాడు. తాళం ఊగి ఊగి గద్దెకు బెత్తెడు ఎత్తున నిలిచింది. సరిగ్గా నీడ కొస మీద.

"బరువు కట్టిన దారం ఒరగది బిడ్డా. స్తంభం కొస ఏడున్నదో, దాని నీడ సక్కగ దాని కిందనే పడ్డది. అంటే సూర్యుడు నెత్తిమీదనే ఉన్నడు."

రోజారమణి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. తాళం నీడ తాళం కిందే, ఎటూ జరగకుండా ఉంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దివాకర్ సారు వంగి నీడను జానతో కొలిచి, తల గోక్కుని, "వచ్చే ఏడు గూడ చూపియ్యండి మేడం," అన్నాడు.

"అన్నా, తాళం అట్లనే ఉండనియ్యి. మిగతా క్లాసులకు చూపిస్త," అంది ఆమె.

"ఉండనియ్యుండ్రి," అని సీతారాములు గంట వైపు నడిచాడు. ఒళ్లంతా చెమట పట్టినా ప్రాణం మాత్రం చాలా ఏళ్ల తర్వాత తేలిగ్గా ఉంది.

పన్నెండూ నలభైకి అన్నం గంట మోగాలి. మోగలేదు. వంట చేసే గుర్వమ్మ పప్పు చల్లారిపోతోందని రెండుసార్లు కేకేసింది. ప్రవళిక చూడటానికి వెళ్లింది. గంట కింద బల్ల మీద, గోడకు ఆనుకుని, ఒళ్లో ఇనుప కడ్డీతో అతను కూర్చుని ఉన్నాడు. పిల్ల మూడుసార్లు "తాతా" అని పిలిచింది. తర్వాత మేడం కోసం పరుగెత్తింది.

ఆటోలో నకిరేకల్ దవాఖానకు తీసుకుపోయారు గానీ, లాభం లేకపోయింది.

సాయంత్రం పిల్లలందరూ వెళ్లాక దివాకర్ సారు గేటు మూసి, తాళం కోసం అలవాటుగా చుట్టూ చూశాడు. తర్వాత స్తంభం వైపు చూశాడు. దాన్ని విప్పడానికి చెయ్యి రాక, గేటుకు తీగ చుట్టి వెళ్లిపోయాడు. తాళంచెవి సీతారాములు చొక్కా జేబులో అతనితోనే పోయింది. జెండా తాడుకు తాళం అలాగే వేలాడుతోంది, దాని నీడ గద్దె దిగి తూర్పు వైపుకు సాగింది.