అన్న వాటా

పెళ్లయిన కొత్తలో మొగుడు రెండు గ్లాసుల్లో మందు పోస్తుంటే, రెండోది తనకేనేమోనని మురిసిపోయింది ఆమె. “నాకలవాటు లేదు మెకానిక్కు గారూ” అంటూ సిగ్గుపడుతూనే చెయ్యి చాచింది. అతను గ్లాసును మెల్లిగా అవతలికి జరిపాడు.

“నీక్కాదు పిచ్చుకా. అన్న వాటా అది.”

అన్న పోయి రెండేళ్లు దాటింది. అన్నదమ్ములిద్దరూ లిఫ్టులు బాగుచేసేవాళ్లు. ఒకడు పైన మోటారు గదిలో ఉంటే ఒకడు కింద గోతిలో ఉండేవాడు. సాయంత్రమైతే మాత్రం ఇద్దరిదీ ఒకటే బల్ల, ఒకటే సీసా. ఆ సీసాయే అన్నను మింగింది. తమ్ముడికి మిగిలింది పనిముట్ల సంచీ, ఈ అలవాటూ.

ఆమె మొదట నవ్వుకుంది. కొత్త కాపురం కదా, అన్నీ ముద్దొచ్చేవి. అతని చొక్కా మీది గ్రీజు మరక, గుమ్మంలో ఒకదాని మీదొకటి ఎక్కి పడుకున్న ఇద్దరి చెప్పులు, పాలు పొంగితే ఇద్దరూ ఒకేసారి పరిగెత్తి తలలు ఢీకొట్టుకోవడం. ఆ మురిపెంలో చూడని బావగారు కూడా కలిసిపోయాడు. “బావగారూ, మీ తమ్ముడికి కాస్త గడ్డి పెట్టండి, తడి తువ్వాలు మంచం మీదే పడేస్తున్నాడు” అని ఖాళీ కుర్చీతో వేళాకోళమాడేది.

అలా ఆడగా ఆడగా, ఒక సాయంత్రం ఆ కుర్చీలోంచి దగ్గు వినిపించింది. మొగుడు స్నానాల గదిలో ఉన్నాడు.

ఆ తర్వాత దగ్గు రోజూ వచ్చేది. ఆమె పైకి చెప్పలేదు. రెండో గ్లాసూ ఖాళీ అయ్యేది. “ఒట్టు, నేను ముట్టలేదు” అనేవాడతను. పొద్దున్నే వణికే చేతులు మాత్రం అతనివే. ఆ చేతులతోనే ఏడంతస్తుల లోతు మీద నిలబడి ఇనపతాళ్లు బిగించేవాడు.

పోయిన వారం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద మూడు గ్లాసులున్నాయి.

“మూడోది ఎవరికి?”

“నీకే. మరదల్ని ఊరికే కూర్చోబెడతావేంట్రా అన్నాడు అన్న.”

ఆమె గ్లాసు అందుకుంది. ఎందుకందుకుందో ఆమెకే తెలీదు. పెదవులకు తగిలేలోపల అతను లాక్కుని తొట్టిలో పారబోశాడు. ఆపైన నేల మీద చతికిలబడి, “నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను” అన్నాడు.

తాగుడు మానేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటొకటుందనీ, కుట్టుమిషన్ల షాపు పైననీ ఆమె ఆసుపత్రికెళ్లి అడిగితే డాక్టరమ్మ చెప్పింది. ఆదివారం పొద్దున్న ఇద్దరూ బయల్దేరారు. షాపు దొరికింది. పైన బోర్డు లేదు, బాణం గుర్తు లేదు.

“లేదుగా. చూశావుగా. పోదాం పద” అన్నాడతను, బరువు దిగినట్టు.

పక్కనే మారుతాళాలు చేసేవాడు తాళంచెవి అరగదీస్తున్నాడు. ఆమె అతని దగ్గరికెళ్లి, “అన్నా” అంది.

ఆ పిలుపుకు మొగుడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

“పైన... మీటింగని చెప్పారు...”

“కుట్టు క్లాసా, ఇంకోటా?”

“అంటే... కుట్టు కాదు... అదీ...”

“కుట్టుకొచ్చినవాళ్లు గట్టిగానే అడుగుతారమ్మా. నీళ్లు నమిలేవాళ్లు వెనక మెట్లెక్కాలి” అన్నాడతను, తలెత్తకుండానే. “సిగ్గెందుకు, మొదటిరోజు నేనూ నమిలినవాణ్నే.”

వెనక మెట్లు ఇరుకు. పట్టపగలే చీకటి. పైన తలుపు ఓరగా తెరిచి ఉంది. కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరిదో నవ్వు. సగం ఎక్కాక అతను ఆగిపోయాడు.

“లోపలికెళ్తే అన్న ఇంక రాడు.”

“ఎవరు చెప్పారు?”

“మందు లేనిచోటికి వాడెప్పుడొచ్చాడు? చివరికి వీడు కూడా వదిలేశాడనుకుంటాడు. చచ్చినవాణ్ని మళ్లీ చంపినట్టు కాదూ?”

కింద మలుపులో దగ్గు.

ఇద్దరూ కలిసి వినడం అదే మొదలు. అతను గోడ పట్టుకున్నాడు. బతిమాలడానికి, బెదిరించడానికి ఆమె దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఇతని భయం ఆ గదంటే కాదు. ఒకణ్ని మెట్ల మీద ఒంటరిగా వదిలెళ్లడమంటే.

“మీరెళ్లండి. బావగారి దగ్గర నేను కూర్చుంటాను.”

“నీకూ వినపడుతుందా?”

“ఎప్పట్నుంచో.”

“భయం లేదూ?”

“ఎందుకు లేదు. ఎంతైనా మా బావే కదా, కొరుక్కు తింటాడా? వెళ్లండి.”

అతను ఒక్కో మెట్టూ ఎక్కాడు, మధ్యమధ్య వెనక్కి చూస్తూ. “రా నాయనా, ఇటు కూర్చో” అని లోపలి నుంచి ఎవరిదో ముసలి గొంతు. తలుపు మూసుకుంది.

ఆమె మెట్టు మీద కూర్చుంది. సిమెంటు చల్లగా తగిలింది. కింద అడుగులు కదిలాయి, పని ముగించుకుని అలిసొచ్చే మనిషివిలా. గ్రీజు వాసన. ఆమె గోడవైపు ఒదగబోయి, ఆగి, దారి మొత్తం మూసేలా మెట్టు మధ్యకు జరిగింది.

“పైకొద్దు బావగారూ. ఇక్కడే కూర్చోండి.” “చిన్నప్పుడు ఈయన ఎలా ఉండేవాడో చెప్పండి. నాకెవరూ చెప్పలేదు.”

అడుగులు ఆగాయి. మోకాళ్ల మీద చేతులాన్చి కూలబడే మనిషి విడిచే పొడుగాటి ఊపిరి, ఆమె చెవి పక్కనే.