నన్ను లాగుతున్న తీగ

నేను ఒక కార్బురేటర్‌ని. పాత తెల్లకారు బానెట్ కింద, నూనె మరకల మధ్య ఉంటాను. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకు పట్టడం నా పని. పసిపిల్లకు పాలు కలిపినట్టే అనుకోండి. చిక్కనైనా తంటా, పలచనైనా తంటా.

మొదట ఒక డాక్టరు గారి దగ్గర ఉన్నాను. ఆయన బయటి రంగు రోజూ తుడిపించేవారు, నన్ను మాత్రం ఏడాదికోసారి కూడా చూసేవారు కాదు. తర్వాత పెళ్లిళ్లకు తిరిగాను. పూలన్నీ బానెట్ మీదికి, వేడంతా నాకు. ఇప్పుడు నర్సీపట్నంలో పైడిరాజు దగ్గరున్నాను.

అతని కూతురు లాస్యకు పుట్టుకతోనే రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. ప్రతి మంగళవారం విశాఖపట్నం తీసుకెళ్లి కొత్త పిండికట్టు వేయించాలి. ఒక్క వారం తప్పినా పాదం మళ్లీ వంకర తిరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి తల్లి గౌరికి కుదురు లేదు. బస్సులో ఆ కాళ్లను ఎవరు తొక్కేస్తారో అని ఇంకో భయం.

సరిగ్గా ఆ మంగళవారాలే నాకు రోగం. ఊరు దాటగానే ఎవరో తీగ లాగినట్టు నా గొంతులో రేకు మూసుకునేది. అది చోక్ రేకు. చలిపొద్దున బండి లేవాలంటే డాష్‌బోర్డు మీది గుబ్బ లాగుతారు, గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది. ఇంజను వేడెక్కాక గుబ్బని లోపలికి నొక్కేయాలి. పైడిరాజు నొక్కేవాడే. అయినా మళ్లీ మూసుకునేది. ఊపిరాడదు, పెట్రోలు మాత్రం మింగుతూనే ఉండాలి. వెనక నల్లపొగ. దారిలో రెండుసార్లు బంకు.

బుధవారం మెకానిక్ జిలానీ నన్ను విప్పి, కడిగి, సన్న రంధ్రాల్లో గాలి ఊదేవాడు. షెడ్డులో బుద్ధిగా నడిచేదాన్ని. "దీనికేం రోగం లేదన్నా, ఆక్సిలరేటర్ మీద నీ కాలే బరువు" అని నవ్వేవాడు. చెబుదామంటే, నాకున్న నోరు గాలి పీల్చడానికే.

ఆరో మంగళవారం తాళ్లపాలెం దగ్గర పైడిరాజు తేల్చేశాడు. రేపు దీన్ని పాత ఇనుముకి ఇచ్చేస్తాడట, ఇక బస్సేనట. పిల్ల ఏడ్చింది. గౌరి ఒక చేత్తో దాని కట్టుకాళ్లు పట్టుకుని, రెండో చేత్తో గుబ్బకి వేలాడుతున్న పాలసీసా సంచి అందుకుంటే, చెయ్యి తగిలి గుబ్బ లోపలికి పోయింది. నాకు ఒక్కసారిగా ఊపిరొచ్చింది.

కూతురి ఊపిరి మారితే నిద్రలోంచి లేచే మనిషి ఆమె. నా చప్పుడు మారడం వినేసింది. సంచి మళ్లీ గుబ్బకే తగిలించింది. రెండు కుదుపులకి గుర్రుమన్నాను. సంచి తీసి గుబ్బ నొక్కింది. సద్దుమణిగాను.

"బండి ఆపు మావా. ఈ గుబ్బ చూడు, సంచి బరువుకి బయటికి వచ్చేస్తంది."

పైడిరాజు గుబ్బనీ సంచినీ మార్చి మార్చి చూశాడు. "తగిలించింది నువ్వే కదే."

"నాకున్నవి రెండు చేతులే."

అతను సంచి తీసి తన మెడలో వేసుకుని బండి కదిపాడు. ఆ రోజు విశాఖ దాకా నల్లపొగ లేదు.

ఏడాది దాటింది, ఇప్పటికీ నన్ను పాత ఇనుముకి ఇవ్వలేదు. నిన్న బండి స్టార్టులో ఉండగా లాస్య సీటు ముందు నిలబడి ఆ గుబ్బనే పట్టుకు లాగింది. గొంతు మూసుకుంది, ఒక గుక్క ఎక్కువే తాగాను. గౌరి వద్దని కేకెయ్యబోయి, నేలకి బల్లపరుపుగా ఆనిన ఆ రెండు పాదాల్నీ చూసి ఊరుకుంది.

నేనూ ఊరుకున్నాను.