దుర్భిణి మీద బొట్టు

ఫిలింనగర్‌లో నాది సామాను కొట్టు. సింహాసనాలు, అట్ట కత్తులు, పాత ఫోన్లు సినిమావాళ్లకు కిరాయికి ఇస్తాను. వాటిలో నిజమైన వస్తువు ఒక్కటే. టోలిచౌకిలో ఒక పాత బంగళా సామాను అమ్ముతుంటే కొన్న ఇత్తడి దుర్భిణి.

తొంభై రెండు దసరాకు నా భార్య నీలమ్మ ఆయుధపూజ చేసి సామానంతటికీ బొట్లు పెట్టింది. దుర్భిణి ముందుండే పెద్ద అద్దానికీ నడిమధ్యన పెట్టింది. అద్దం పాడవుతుందని కసిరాను.

"గింత పెద్ద కన్ను. దిష్టి తగలదా?" అంది.

మాఘంలో కామెర్లతో పోయింది. చీరలు ఆమె అక్కచెల్లెళ్లు పంచుకుపోయారు. ఆమె చేతిది ఆ బొట్టే మిగిలింది. తడి గంధం మీద పెట్టింది కాబట్టి రాలలేదు. మూత పెట్టి ఉంచాను. ఎవరికీ ఇవ్వలేదు.

రెండేళ్లకు త్రినాథరావు అనే ఆర్ట్ డైరెక్టర్ వచ్చాడు. గోదావరి మనిషి, నోరు ఊరుకోదు. జూబ్లీహిల్స్‌లో ఒక మేడ మీద షూటింగట. కథలో తండ్రి చుక్కలు చూస్తుంటాడట. దుర్భిణి మూత తీసి మొహం చిట్లించాడు.

"ఇది తుడిపించండి నర్సయ్యగారూ. చందమామ నుదుట కుంకుమ కనబడితే మా డైరెక్టర్ నన్ను మేడ మీంచి తోసేస్తాడు."

"తుడిచేది లేదు. తీస్కపోతె గట్లనే తీస్కపో."

సాయంత్రం వేళ. కొట్టు మీద సగం చంద్రుడున్నాడు. అతను దుర్భిణిని వాకిట్లో నిలబెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు. చందమామ తలకిందులుగా ఉన్నాడు. గుంటలతో సహా కనిపిస్తున్నాడు. కుంకుమ లేదు. ఎటు పోయిందని అడిగాను.

"ఎక్కడికీ పోలేదండీ. ఈ అద్దంలో ఏ ముక్కైనా చందమామ మొత్తాన్నీ పట్టుకుంటుంది. బొట్టు కాస్త వెలుగు ఆపుతుంది, అంతే. బొమ్మ నిండుగానే వస్తుంది."

దుర్భిణి దేన్నీ దగ్గరికి తీసుకురాదట. పెద్ద అద్దం దూరపు వెలుగును పోగుచేస్తే, కంటి దగ్గరి చిన్న అద్దం దాన్ని పెద్దది చేసి చూపిస్తుందట. దారిలో కిరణాలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి కాబట్టి బొమ్మ తిరగబడుతుందట. చుక్కల లెక్కలు కట్టేవాళ్ల బతుకంతా ఆ పోగైన వెలుగు మీదేనన్నాడు. బొట్టును ఎవరూ ముట్టకుండా చూసే పూచీ తనదన్నాడు. నమ్మి ఇచ్చాను.

మర్నాడు పొద్దున వాళ్ల ముహూర్తం. సాయంత్రం తెచ్చుకోవడానికి వెళ్లాను. అద్దం తళతళలాడుతోంది. నడుమ కొత్త గంధం, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ.

ప్రొడక్షన్ మేనేజర్ వీరభద్రం నన్ను చూసి సంబరపడ్డాడు. పూజకు ముందు కెమెరాతో పాటు దుర్భిణిని కూడా తనే తడిగుడ్డతో తుడిచాడట.

"పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టకూడదు కదండీ," అన్నాడు.

త్రినాథరావు పరుగెత్తుకొచ్చాడు. పొద్దున అద్దం తుడిచే సమయానికి తను పూల కోసం వెళ్లాడట.

"క్షమించండి నర్సయ్యగారూ. తప్పు నాదే."

"నీదే," అన్నాను.

చంద్రుడు నిన్నటికంటే కొంచెం పెరిగి మేడ మీదే ఉన్నాడు. దుర్భిణి తిప్పి చూశాను. ఎవడో పెట్టిన బొట్టు అడ్డం ఉంది. మచ్చ లేదు. అవే గుంటలు, అదే వెలుగు. పైపంచెతో అద్దం తుడిచి మళ్లీ చూశాను. అదే చంద్రుడు. నీలమ్మ బొట్టు ఉన్నప్పుడూ ఇంతే కనిపించాడు.

దుర్భిణిని భుజాన వేసుకుని కొండ దిగాను.

మళ్లీ దసరాకు సామానంతటికీ నేనే బొట్లు పెట్టాను. అద్దానికి పెట్టలేదు. ఆ రోజే త్రినాథరావు మిఠాయి పట్టుకొచ్చి బయట నిలబడి పిలిచాడు. లోపలే ఉన్నాను. తలుపు తీయలేదు.