చేప మంచిగ పడాలె

భూలక్ష్మి ఒక కన్ను మూసి, రెండో కన్ను కెమెరాకు ఆనించింది. చెరువులో మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డ మొగుడు వీరేశం బొచ్చె చేపను మరోసారి ముంచి పైకెత్తాడు. తడి ఆరితే పొలుసు మెరుపు పోతుంది. మరీ ఎండకు తిప్పితే ఫోటోలో తెల్లటి మరక పడుతుంది. కొంచెం వాల్చి పట్టుకోవాలి. ఇవన్నీ కొండాపూర్‌లో ఆమె అంట్లు తోమే ఇంటి యశస్విని మేడం నేర్పింది. కంప్యూటర్ ఉద్యోగం చేసే ఆ అమ్మాయే తన పాత రీలు కెమెరా ఇచ్చింది.

మొదటి ఫోటో సూర్యుడికి ఎదురుగా తీసింది. అందులో వీరేశం నల్లటి నీడలా పడ్డాడు. చేప చింతకాయంత ఉంది. ఊళ్లో ఉన్న వీరేశం అన్న లింగయ్యకు దాన్ని పంపితే, చింతకాయ పులుసు ఎట్లుందని కబురు పెట్టాడు. పట్నం చెరువుల్లో చేపలెక్కడివని అంతకుముందు నుంచే ఎగతాళి చేసే మనిషి. వీరేశానికి ఆ మాట తగిలింది. అప్పట్నుంచి గాలానికి పెద్దది పడితే ఫోటో తీయాల్సిందే. ప్రతిసారీ భూలక్ష్మి ఇంకాస్త దగ్గరికి జరిగింది. లింగయ్య ఇప్పుడు వాటిని గోడకు అతికించుకుంటున్నాడట.

"ఏమే, నా మొకం గూడ పడ్తదా?" అన్నాడు వీరేశం.

"నీ మొకం రోజు చూస్తనే ఉన్న. చేప మంచిగ పడాలె. జర కిందికి దించు."

అతను నవ్వుతూ దించాడు. ఆమె మీట నొక్కింది.

పులుసు దించేసరికి అతను పనికి బయల్దేరాడు. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ వెనక, ఇంకో మేడ కోసం బండ పగలగొడుతున్నారు. బండలో పెట్టిన మందు తూటా పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని దారిన పోయేవాళ్లను ఆపడం వీరేశం పని. కార్లలో వాళ్లు హారన్ కొట్టి విసుక్కుంటారు. పేలుడయ్యాక జెండా దించుతాడు. అంతే.

మధ్యాహ్నం పేలుడుకు మేడం ఇంట్లో కిటికీ అద్దాలు ఎప్పటిలాగే గలగలమన్నాయి. ఇగ అన్నానికి కూర్చుంటడు అనుకుంది భూలక్ష్మి. గిన్నెలు కడుగుతూ ఉండగానే వీరేశంతో పనిచేసే కుమార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రాయి ఎన్నడూ రానంత దూరం వచ్చిందన్నాడు. రోడ్డు మీద వీరేశం ఆపినవాళ్లు ఎవరికీ ఏం కాలేదట.

"వీరేశమన్నను దవాఖానకు తీస్కపోయినం వదినె. లాభం లేదన్నరు."

భూలక్ష్మి తలూపింది. చేతిలోని గిన్నె కడిగి బోర్లించింది. పక్కనున్న కడిగిన గిన్నె తీసి మళ్లీ కడగసాగింది.

పెద్దకర్మకు ఫోటో కావలసి వచ్చింది. పెళ్లి ఫోటో ఎప్పుడో గుడిసె కారి పాడైపోయింది. లింగయ్య గోడ మీదివన్నీ ఒలిచి తెచ్చాడు. కెమెరాలో రీలు కూడా కడిగించారు. స్టూడియో అతను అన్నిటినీ బల్ల మీద పరిచి, ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయేమో చూడమన్నాడు. మొదటిది నల్లగా ఉంది. తర్వాతివన్నిటిలో అతని బొమ్మ మెడ దగ్గర తెగిపోయింది. ఆఖరిది అన్నిటికన్నా బాగా వచ్చింది. చేప కన్ను సజీవంగా ఉంది.

దానికే ఫ్రేము కట్టించి దండ వేశారు. లింగయ్య వేలికి కుంకుమ అద్దుకుని అద్దం దాకా తెచ్చి, అక్కడే ఆగి భూలక్ష్మి వైపు చూశాడు.

అద్దం వెనక, చేప కింద, గోళ్ల సందుల్లో బండదుమ్ముతో రెండు చేతులు.